నమోదులు 210, హాజరు 28: ఒక ఈ-సెల్ కార్యక్రమంపై కేస్ స్టడీ

ఈ కేస్ గుంటూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారికి చేరువలో ఉన్న, విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ఒక ఇంజినీరింగ్ కళాశాలకు సంబంధించినది. అక్కడి విద్యార్థుల ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్, అంటే అందరూ ఈ-సెల్ అని పిలిచే సంఘం, 2025–26 విద్యా సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఒక చిన్న వ్యాపారవేత్తతో ముఖాముఖి ఏర్పాటు చేసింది. గూగుల్ ఫారంలో 210 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. మూడు వందల మంది పట్టే సెమినార్ హాలులో ఆ రోజు హాజరు పట్టీపై సంతకం చేసినవారు 28 మంది. ఈ ప్రాంతపు కళాశాలల్లో ఈ-సెల్‌లకు బయటి సలహాదారుగా పనిచేస్తున్న నేను ఆ కార్యక్రమానికి హాజరయ్యాను. ఆ తర్వాత సంఘం చేసుకున్న సమీక్షలోనూ పాల్గొన్నాను. కార్యక్రమం విఫలమైందని, ప్రచారం చాలలేదని సంఘం సభ్యులు మొదట తీర్మానించుకున్నారు. నా అంచనా వేరు. స్థాపించిన నాటి నుంచి ఆ సంఘానికి అందిన మొట్టమొదటి నికార్సైన మార్కెట్ సమాచారం ఆ 28 అనే అంకె. దాన్ని ఎలా చదివారు, చదివాక ఏం మార్చుకున్నారు అన్నదే ఈ కేస్‌లోని విషయం.

కళాశాలల్లో ఇటువంటి కార్యక్రమాలు ఎందుకు పుట్టుకొస్తున్నాయో ముందుగా చెప్పాలి. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం స్టార్టప్ ఇండియా మొదలయ్యాక, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అదే ఏడాది విద్యార్థుల కోసం ఒక స్టార్టప్ విధానాన్ని తెచ్చింది. 2018లో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (ఇప్పటి విద్యా శాఖ) ఇన్నోవేషన్ సెల్ ద్వారా కళాశాలల్లో ఇన్‌స్టిట్యూషన్స్ ఇన్నోవేషన్ కౌన్సిళ్ల ఏర్పాటు ప్రారంభమైంది. 2019లో విద్యార్థులకు, అధ్యాపకులకు జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం వచ్చింది. ఉద్దేశం మంచిదే. అయితే కౌన్సిల్‌కు కార్యక్రమాల క్యాలెండర్ ఉంటుంది, ప్రతి కార్యక్రమానికీ నివేదిక, ఫొటోలు, హాజరు సంఖ్య కావాలి, వాటి ఆధారంగా కళాశాలకు రేటింగ్ వస్తుంది. దాంతో కార్యక్రమం ఎవరికి కావాలి అన్న ప్రశ్న కంటే, ఈ త్రైమాసికంలో ఏ గడి ఖాళీగా ఉంది అన్న ప్రశ్న ముందు వస్తుంది. ఈ ముఖాముఖి కూడా అలాగే పుట్టింది. కొనేవాడి కోరిక మీద కాకుండా తయారీదారుడి అవసరం మీద తయారైన సరుకు అది.

సంఘం చేసిన ఏర్పాట్లలో బయటికి కనిపించే లోపమేమీ లేదు. పోస్టర్‌ను కాన్వాలో అందంగా తీర్చిదిద్దారు. దానిపై రాకెట్ బొమ్మ, కింద ‘మీలోని యూనికార్న్‌ను మేల్కొలపండి’ అన్న నినాదం; యూనికార్న్ అంటే వంద కోట్ల డాలర్ల విలువ దాటిన స్టార్టప్. క్లాస్ రిప్రజెంటేటివ్‌ల ద్వారా అన్ని శాఖల వాట్సాప్ గ్రూపుల్లో ఫారం లింకు పంపారు. పాల్గొన్నవారికి ఈ-సర్టిఫికెట్ ఇస్తామన్నారు. ఫ్లెక్సీ, శాలువా, జ్ఞాపిక, రెండు వందల మందికి అల్పాహారం పొట్లాలు, అతిథి రానుపోను కారు కలిపి సుమారు ఎనిమిది వేల రూపాయలు ఖర్చు పెట్టారు. సమయం మధ్యాహ్నం మూడు గంటలు.

పిలిచిన అతిథి విజయవాడలో ఇడ్లీ, దోశ పిండి రుబ్బి పొట్లాలుగా దుకాణాలకు సరఫరా చేసే వ్యక్తి. యూనికార్న్‌కూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. పోస్టర్ చూసి ఆయనే నవ్వుకున్నారు.

మూడున్నర దాకా ఎదురుచూశాక కూడా హాలు నిండదని తేలిపోయింది. సంఘం అధ్యక్షుడైన మూడో సంవత్సరం విద్యార్థి, ఆరుబయట ఉన్న మొదటి సంవత్సరం పిల్లలను తీసుకువచ్చి కూర్చోబెట్టమని అధ్యాపకులను అడగడానికి లేచాడు. అతిథి వారించారు. వేదిక దిగివచ్చి, ముందు వరుస కుర్చీలను గుండ్రంగా వేయించి, అందరినీ దగ్గరకు రమ్మన్నారు. తర్వాత తన కథ చెప్పడానికి బదులు ఒక ప్రశ్న వేశారు.

“ఎంతమంది వస్తారనుకున్నారు బాబూ?”

“రెండు వందల పది మంది పేర్లు ఇచ్చారు సార్.”

“పేర్లు ఇవ్వడానికి వాళ్ళకేమైనా ఖర్చయిందా?”

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మౌనంలో ఆయన తన తొలినాళ్ల అనుభవం చెప్పారు. ఆ రోజు అందరికీ ఉపయోగపడిన భాగం అదే కాబట్టి దాన్ని కొంత వివరంగా నమోదు చేస్తున్నాను.

పిండి వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఆయన సత్యనారాయణపురం, మొగల్రాజపురం, పటమట ప్రాంతాల్లోని కిరాణా దుకాణాలకు వెళ్లి పొట్లాలు చూపించేవారు. ఒక్క దుకాణదారు కూడా వద్దనలేదు. “పెట్టి వెళ్ళండి, అమ్ముడైతే డబ్బులిస్తాం” అన్నారు. అన్ని దుకాణాలు ఒప్పుకున్నాయన్న సంతోషంతో ఆయన గ్రైండర్ సామర్థ్యం పెంచి, ఇద్దరు పనివాళ్లను పెట్టుకుని, తెల్లవారుజామునే పొట్లాలు చేరవేయడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి పులిసి ఉబ్బిన పొట్లాలు వెనక్కి రాసాగాయి. విజయవాడ ఎండల్లో పిండి ఎంత త్వరగా పులుస్తుందో చెప్పనవసరం లేదు. పైగా కరెంటు బిల్లుకు భయపడి కొందరు దుకాణదారులు రాత్రిపూట ఫ్రిజ్ కట్టేసేవారు. వెనక్కి వచ్చిన పిండి మళ్లీ పనికిరాదు, పారబోయవలసిందే. పొట్లం తీసుకున్న దుకాణదారుకు నష్టం లేదు, నష్టమంతా ఇచ్చినవాడిదే. తీసుకోవడానికి ఏమీ ఖర్చు కానివాడు ఎంతైనా తీసుకుంటాడని, అతని ఒప్పుకోలును గిరాకీగా లెక్కించకూడదని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చారు. పొట్లానికి తన లాభంలో ఒక రూపాయి తగ్గించుకుని, ముందు రోజు సాయంత్రమే ఎన్ని కావాలో చెప్పి, సరుకు దించగానే డబ్బు చెల్లించే దుకాణాలకు మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టారు. మూడొంతుల దుకాణాలు తప్పుకున్నాయి. మిగిలిన దుకాణాలను పరిశీలిస్తే అవి దాదాపుగా ఉద్యోగులు అద్దెకుండే అపార్ట్‌మెంట్ల కింద ఉన్నవి. సొంత ఇళ్లలో గ్రైండర్ ఉన్న కుటుంబాలు ఎక్కువగా ఉన్న వీధుల్లో ఆయన పిండికి అసలు గిరాకీయే లేదు. తన కొనుగోలుదారు ఎవరో ఏ సర్వే ద్వారానూ కాక, తప్పుకున్న దుకాణాల జాబితా ద్వారా ఆయన తెలుసుకున్నారు. ఆహార భద్రతా సంస్థ దగ్గర అప్పట్లో ఏడాదికి వంద రూపాయలతో చేయించుకునే ప్రాథమిక రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాల కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచిత నమోదు వంటి విషయాలు కూడా ఆయన చెప్పారు కానీ, విద్యార్థులు నోటు పుస్తకాల్లో రాసుకున్నది మాత్రం ఈ ‘పెట్టి వెళ్ళండి’ సంగతే.

హాలు నిండి ఉంటే ఈ సంభాషణ జరిగేది కాదని నా అభిప్రాయం. ఆయన తెచ్చుకున్న ప్రసంగ పాఠం నేను చూశాను. అందులో పట్టుదల, కష్టపడే తత్వం, తల్లిదండ్రుల ఆశీస్సులు ఉన్నాయి కానీ పులిసిన పొట్లాలు లేవు.

హాజరు పట్టీని విప్పి చూడటం

తర్వాతి వారం సమీక్షలో నేను సంఘాన్ని మొదట కోరినది, 28 మందిని ఒకే గంపలో వేయవద్దని. విడదీసి చూస్తే 10 మంది సంఘం సభ్యులే. వారు కార్యక్రమం నిర్వహించేవారు కాబట్టి వారిని ప్రేక్షకులుగా లెక్కించడం, దుకాణదారు తన సరుకును తానే కొని అమ్మకాల్లో రాసుకోవడంతో సమానం. మరో ఆరుగురు అధ్యాపకుల మాట కాదనలేక వచ్చారు. మిగిలిన 12 మంది ఎవరూ పంపకుండా, ఎవరి మొహమాటానికీ కాకుండా వచ్చినవారు. సంఘం దగ్గర ఉన్న అసలు కొనుగోలుదారులు వీరే.

ఆ 12 మందితో విడివిడిగా మాట్లాడినప్పుడు సంఘం ఊహించని విషయం బయటపడింది. వారిలో ఎక్కువమంది ఇళ్లలో ఏదో ఒక వ్యాపారం లేదా వృత్తి ఉంది. ఒకరి తండ్రికి గుంటూరు బ్రాడీపేటలో జిరాక్సు దుకాణం ఉంది. ఒకరి మేనమామకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం ఉంది. ఒక విద్యార్థిని కుటుంబం మంగళగిరిలో నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర మజూరీకి చీరలు నేస్తుంది. మరొకరి ఇంట్లో మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం నడుస్తోంది. వీరిని యూనికార్న్ నినాదం రప్పించలేదు. పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ‘పిండి వ్యాపారి’ అన్న మాట రప్పించింది. “మా ఇంట్లో కూడా ఇలాంటి గొడవే సార్, ఉద్దెర వసూలు కాదు” అన్నాడు జిరాక్సు దుకాణం వారి అబ్బాయి. సంఘం మాత్రం అంతవరకూ యాప్ కట్టి పెట్టుబడి సంపాదించాలని కలలుగనే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని పోస్టర్లు వేస్తూ వచ్చింది. అటువంటి విద్యార్థులు లేకపోలేదు. కానీ శనివారం మూడు గంటలకు వారు రాలేదు.

ఇక రానివారి సంగతి. సభ్యులు మొదట తయారుచేసిన ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ‘మీరెందుకు రాలేకపోయారు?’ అని ఉంది. ఆ ప్రశ్నకు మన పిల్లలు ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే: ‘ఒంట్లో బాగాలేదు’ లేదా ‘ఊరెళ్లాను’. అడిగినవాడి మనసు నొప్పించకుండా తప్పించుకునే జవాబులు అవి. దాని బదులు ‘ఆ శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ఏం చేశారు?’ అని మాత్రమే అడగమని, కార్యక్రమం ప్రస్తావన మొదట తేవద్దని సూచించాను. జరిగిన పనిని గుర్తు చేసుకుని చెప్పేటప్పుడు మనిషి కారణాలు కల్పించుకోవలసిన అవసరం ఉండదు.

ఈ ప్రశ్నతో వచ్చిన సమాధానాలు మూడు వైపులకు చూపాయి. మూడో సంవత్సరం వారికి ఆ సమయంలోనే సీఆర్‌టీ తరగతి ఉంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు శిక్షణ ఇచ్చే తరగతిని వదులుకుని వ్యాపారం గురించి వినడానికి రావడమంటే, తల్లిదండ్రులు ఫీజు కట్టిన దారిని పక్కన పెట్టడమే. రెండో సంవత్సరం వారికి సోమవారం ల్యాబ్ రికార్డులు ఇవ్వవలసి ఉంది. అన్నిటికంటే పెద్ద కారణం బస్సు. కళాశాల బస్సులు సాయంత్రం నాలుగు దాటగానే బయలుదేరతాయి. తెనాలి, పొన్నూరు, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చేవారు ఆ బస్సు తప్పితే హైవే మీదికి నడిచి, షేర్ ఆటో పట్టుకుని, మళ్లీ బస్సు మారాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిలకు ఛార్జీల భారం తగ్గినా, చీకటి పడ్డాక ఇల్లు చేరడమనే భారం తగ్గలేదు. ఇంట్లో ముందే చెప్పని ఆలస్యం వారికి ఛార్జీ డబ్బుల కంటే ఖరీదైనది.

ఈ-సెల్ ఇంతకాలం తన పోటీదారు కోడింగ్ క్లబ్ అనుకుంది. నిజానికి దాని పోటీదారు నాలుగు గంటల బస్సు. ఉచితం అని పోస్టర్‌పై రాసినంత మాత్రాన కార్యక్రమం ఉచితం కాదు. వచ్చేవాడు బస్సును, తరగతిని, రికార్డును, ఇంట్లోవారి నమ్మకాన్ని ధరగా చెల్లిస్తాడు. సంఘం ఆ ధర ఎంతో తెలుసుకోకుండానే సరుకును మార్కెట్లో పెట్టింది. నమోదు చేసుకోవడానికి మాత్రం ఒక వేలు కదిపితే చాలు. ఈ-సర్టిఫికెట్ ఎలాగూ నమోదు చేసుకున్న అందరికీ వస్తుందన్న నమ్మకం కూడా ఆ 210 వెనుక ఉందని తర్వాత తెలిసింది.

ఖర్చును మూడు విధాలుగా భాగించడం

కోశాధికారి అయిన విద్యార్థిని ఎనిమిది వేల ఖర్చును నమోదుల సంఖ్యతో భాగించి, తలకు 38 రూపాయలే అయిందని నివేదికలో రాసింది. అదే మొత్తాన్ని హాజరుతో భాగిస్తే దాదాపు 286 రూపాయలు. ఎవరూ పంపకుండా వచ్చిన 12 మందితో భాగిస్తే 667 రూపాయలు. ఖర్చు ఒక్కటే, భాజకం మారింది. నేను చూసిన స్టార్టప్ ప్రజెంటేషన్లలో సగానికి సగం మొదటి భాజకాన్నే వాడతాయి. యాప్ డౌన్‌లోడ్‌లను ఖాతాదారులనడం, ఎగ్జిబిషన్ స్టాల్ దగ్గర ఫోన్ నంబరు ఇచ్చినవారిని ఆర్డర్లనడం ఈ కోవలోవే.

ఇంకొక పరిశీలన. ఎనిమిది వేలలో శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ, మిగిలిపోయి హాస్టల్‌కు పంచిన అల్పాహారం పొట్లాలే అధిక భాగం. వచ్చిన 12 మందిలో ఒక్కరు కూడా వీటిలో దేనినీ గుర్తుంచుకోలేదు. అతిథి కూడా శాలువా హాలులోనే వదిలి వెళ్లబోతే వెనక నుంచి పరుగెత్తి ఇవ్వవలసి వచ్చింది.

భారతదేశంలో పుట్టి అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా ఉన్న సరస్ సరస్వతి, అనుభవజ్ఞులైన వ్యవస్థాపకులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించి, 2001లో ఎఫెక్చుయేషన్ అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వారు పెద్ద లక్ష్యం ముందు పెట్టుకుని దానికి వనరులు వెతకడం కంటే, తాము ఎవరు, తమకు ఏం తెలుసు, తమకు ఎవరు తెలుసు అన్న మూడింటి నుంచి బయలుదేరతారని, ఎంత లాభం వస్తుందన్న అంచనా కంటే ఎంత పోయినా తట్టుకోగలమన్న హద్దును ముందు గీసుకుంటారని దాని సారాంశం. సమీక్షలో ఈ రెండు అంశాలనే ప్రాతిపదికగా తీసుకున్నాం. సంఘానికి తెలిసినవారు ఇప్పుడు 12 మంది ఉన్నారు. వారి ఇళ్లలో నడుస్తున్న వ్యాపారాలు ఉన్నాయి. పోగొట్టుకోగల మొత్తం ఐదు వందల రూపాయలని సభ్యులే నిర్ణయించుకున్నారు.

రెండో ప్రయత్నం

రెండోసారి హాలు లేదు, అతిథి లేరు, పోస్టర్ లేదు. భోజన విరామంలో క్యాంటీన్ పక్క గదిలో నలభై నిమిషాల సమావేశం పెట్టారు. బస్సుతో గానీ సీఆర్‌టీతో గానీ తగాదా లేని సమయం అది. విషయం ఒకే వాక్యంలో చెప్పారు: ‘మీ ఇంటి వ్యాపారంలో తెమలని ఒక లెక్క తీసుకురండి, కలిసి చూద్దాం.’ 15 మందికే చోటు. 20 రూపాయలు ముందుగా ఫోన్‌పేలో చెల్లించినవారికే కుర్చీ, సర్టిఫికెట్ ఇవ్వరు. రుసుము పెట్టడంపై సంఘంలో తీవ్రమైన చర్చ జరిగింది. విద్యార్థుల దగ్గర డబ్బు తీసుకుంటే చెడ్డపేరు వస్తుందని అధ్యాపక సమన్వయకర్త అభ్యంతరం చెప్పారు. వసూలైన మొత్తాన్ని అదే రోజు టీ, బిస్కెట్లకు వాడి లెక్క గోడకు అంటిస్తామన్న షరతుపై ఆయన అంగీకరించారు.

11 మంది చెల్లించారు. పది మంది వచ్చారు. అంకె చూస్తే మొదటి కార్యక్రమం కంటే చిన్నది. కానీ ఈ పది మందిలో సంఘం సభ్యులు లేరు, పంపగా వచ్చినవారు లేరు.

మంగళగిరి విద్యార్థిని తెచ్చిన లెక్క అందరినీ ఎక్కువసేపు పట్టి ఉంచింది. మాస్టర్ వీవర్ నూలు ఇచ్చి, చీరకు ఇంత అని మజూరీ కడతారు. అదే చీర దుకాణంలో ఎంతకు అమ్ముడవుతుందో ఆమె ఇంట్లోవారికి తెలుసు కాబట్టి, సొంతంగా నేసి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటే ఆ తేడా అంతా తమదేనని ఇంట్లో పిల్లలు అనుకుంటున్నారు. పలకపై రాయగా బయటపడినది ఏమిటంటే, నూలుకు ముందుగా పెట్టుబడి పెట్టాలి, చీర అమ్ముడై డబ్బు చేతికి వచ్చేదాకా మగ్గం ఆగకుండా మరో వార్పుకు, అంటే పడుగుకు, నూలు కొనాలి, ఆ మధ్యకాలంలో వారం వారం ఇల్లు గడవాలి. మాస్టర్ వీవర్ తీసుకుంటున్నది లాభం మాత్రమే కాదు, ఆ నిరీక్షణ కాలపు భారం కూడా. మగ్గాలన్నింటినీ మార్చకుండా, మజూరీ పని కొనసాగిస్తూ, ముందుగా సగం సొమ్ము ఇచ్చే తెలిసినవారి కోసం ఒక్క చీర నేసి చూడాలని ఆమె నిర్ణయించుకుంది. ‘పెట్టి వెళ్ళండి’ కథ ఆమెకు గుర్తుందనడానికి ఆ సగం సొమ్ము షరతే ఆధారం. ఆ చీర నేత పూర్తయింది. మిగతా సగం సొమ్ము వచ్చింది. రెండో ఆర్డరు ఇంకా రాలేదు.

జిరాక్సు దుకాణం అబ్బాయి ఉద్దెర వసూలుకు ఒక యాప్ చేస్తానన్నాడు. ముందు నెల రోజుల ఉద్దెర చిట్టీని పేర్లవారీగా విడదీయమని తోటివారు చెప్పారు. విడదీస్తే బాకీలో ఎక్కువ భాగం మూడు కోచింగ్ సెంటర్లదేనని తేలింది. యాప్ అవసరం తీరిపోయింది. ఆ మూడింటితో తండ్రి స్వయంగా మాట్లాడారు. ఆటోనగర్ విద్యార్థి కదలని సరుకు జాబితా చేద్దామనుకున్నాడు కానీ మేనమామ ఒప్పుకోలేదు, అక్కడితో ఆగిపోయింది.

ఈ కేస్ నుంచి ఎంతవరకు నిర్ధారణకు రావచ్చు అన్నదానిపై జాగ్రత్త అవసరం. 20 రూపాయల రుసుము వల్లనే చెల్లించినవారు వచ్చారని చెప్పలేం. సమయం మారింది, స్థలం మారింది, విషయం మారింది, చోటు పరిమితమైంది. అన్నీ ఒకేసారి మారినప్పుడు ఏది పనిచేసిందో విడదీయడం సాధ్యం కాదు. రెండోసారి వచ్చినవారిలో చాలామంది మొదటిసారి వచ్చిన 12 మందిలోనివారే కావడం మరో పరిమితి. ఇంట్లో వ్యాపారం లేని విద్యార్థికి, ముఖ్యంగా వ్యవసాయ కూలీ కుటుంబాల నుంచి వచ్చేవారికి, ఈ నమూనాలో చోటు ఎక్కడన్న ప్రశ్నకు సంఘం దగ్గర ఇంకా జవాబు లేదు. ఈ పద్ధతి వారిని తెలియకుండానే బయట నిలబెడుతోందన్న నా అభ్యంతరాన్ని సమీక్ష పత్రంలో చేర్చారు.

కౌన్సిల్‌కు పంపే నివేదికలో రెండో సమావేశాన్ని చేర్చాలా వద్దా అన్నది కూడా చర్చకు వచ్చింది. పది మంది, ఫ్లెక్సీ లేని గది, ఒక పలక ఉన్న ఫొటో రేటింగ్‌కు పనికిరాదని కార్యాలయం అభిప్రాయపడింది. చివరికి మొదటి కార్యక్రమాన్ని 28 అనే అంకెతోనే పంపారు. దాన్ని పెంచి రాయమన్న సూచన వచ్చినా అధ్యాపక సమన్వయకర్త అంగీకరించలేదు. రెండోదాన్ని కళాశాల రికార్డుకు మాత్రమే ఉంచారు.

మూడో విడతను ఫిబ్రవరిలో, రుసుమును 50 రూపాయలకు పెంచి, సమయాన్ని, స్థలాన్ని మార్చకుండా జరపాలని నిర్ణయించారు. ఒక్క రుసుమే మారితే దాని ప్రభావం కొంతైనా కనిపిస్తుందన్నది ఆలోచన. అయితే జనవరి నుంచి గుంటూరు యార్డుకు కొత్త మిర్చి రాక పెరుగుతుంది కాబట్టి, కమీషన్ కొట్టు కుటుంబాల పిల్లలు ఆ నెలల్లో యార్డు పనిలో ఉంటారా అన్నది ముందే వారిని అడిగి తెలుసుకునే బాధ్యతను రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరికి అప్పగించారు. ఆమె ఈసారి ఫారం పంపడం లేదు. గత ఏడాది ఫిబ్రవరిలో ఆ సమయానికి ఎక్కడున్నారో ఒక్కొక్కరినీ కలిసి అడుగుతోంది.